ఎండకు కాగిన డబ్బా నీళ్లు తాగుతుంది: చిన్న సామాను డబ్బాల ప్రాజెక్టు డైరీ

1వ రోజు: సామాను కొలత

నీళ్లు చొరని చిన్న డబ్బాల కోసం బజారుకు వెళ్లకముందే సామానంతా చాప మీద పరిచి కొలిచాం. కొండెక్కేటప్పుడు, ఏటి ఒడ్డున రాత్రి ఉండేటప్పుడు, నాటు పడవ ఎక్కేటప్పుడు వెంట ఉండాల్సిన చిన్న వస్తువులే ఇవి. నిప్పుకు అగ్గిపుల్లలు 30, గీసే పట్టీ ముక్క, కర్పూరం బిళ్లలు. మందుల్లో మాత్రల స్ట్రిప్పులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు 2, దూది, బ్యాండేజీ. టార్చికి ట్రిపుల్ ఏ బ్యాటరీలు 4, మెమొరీ కార్డులు. గాలాలు, సూది, దారం. చివరగా ఫోను, కాసిని నోట్లు.

అన్నిటికీ కలిపి ఒక పెద్ద డబ్బా అనే ఆలోచన ఇక్కడే వదిలేశాం. బ్యాండేజీ కోసం మూత తీసిన ప్రతిసారీ అగ్గిపుల్లలకు తేమ తగులుతుంది. డబ్బా ఒక్కసారి కారితే సామానంతా పోతుంది. పనిని బట్టి విడివిడి డబ్బాలు ఉండాలి.

కొలతలు రాసుకోవడం వల్ల తర్వాత చాలా తిరుగుడు తప్పింది. ట్రిపుల్ ఏ బ్యాటరీ 10.5 మి.మీ. లావు, 44.5 మి.మీ. పొడవు. డబుల్ ఏ 14.5 మి.మీ. లావు, 50.5 మి.మీ. పొడవు. ఇవి పట్టే గొట్టంలో అగ్గిపుల్లలు ఎలాగూ పడతాయి.

2వ రోజు: ఏం దొరికాయి

పోటీలో పెట్టినవి ఏడు రకాలు: నాలుగు వైపులా క్లిప్పులున్న లాక్ డబ్బాలు (ఒకటి గుండ్రం, ఒకటి పొడుగు), ఖాళీ పచ్చడి సీసా, మందుల షాపుల్లో వచ్చే తెల్ల మాత్రల సీసా, నీళ్లలో వేస్తే పొంగే విటమిన్ మాత్రల గొట్టం, రబ్బరు రింగున్న స్టీలు టిఫిన్ డబ్బా, పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ప్రీఫామ్, ఇంట్లోనే చేసుకునే పీవీసీ గొట్టం.

ప్రీఫామ్ అంటే కూల్‌డ్రింక్ సీసా ఊదకముందు ఉండే రూపం. చూడ్డానికి లావుపాటి పరీక్షనాళికలా ఉంటుంది. సీసాగా ఊదాక పలచబడే ప్లాస్టిక్ అంతా ఇందులో గోడలోనే ఉంటుంది కాబట్టి కాలితో తొక్కినా అణగదు. సీసాలు ఊదే యూనిట్లకు ఇది బస్తాల్లో వస్తుంది, పది పదిహేను కావాలని అడిగితే మూతలతో సహా ఇస్తారు. స్టీలు డబ్బాలు, ప్లాస్టిక్ డబ్బాలు హైదరాబాదు వాళ్లకు బేగం బజారులో ఒకే వీధిలో దొరుకుతాయి. లాక్ డబ్బా కొనేటప్పుడు మూత తిప్పి రబ్బరు చూడాలి. గాడిలో వదులుగా కదిలినా, అతుకు దగ్గర మెట్టులా తగిలినా పక్కన పెట్టేయాలి. రెండే క్లిప్పులున్న డబ్బాకు రబ్బరు ఉన్నా లాభం లేదు, క్లిప్పు లేని రెండు వైపులా మూత పైకి లేస్తుంది.

4వ రోజు: పసుపు కాగితం

మామూలుగా చేసే పరీక్ష తెలిసిందే. డబ్బాలో టిష్యూ పెట్టి, రాయి కట్టి, బకెట్లో ముంచి, మర్నాడు తెరిచి చూస్తారు. ఇందులో ఒక లోపం ఉంది. టిష్యూ తడిస్తే ఆ తడి బయటి నుంచి వచ్చిందో, లోపలి గాలిలోని తేమే చల్లబడి మంచులా పట్టిందో తెలియదు. రెండిటికీ మందు వేరు. మొదటిదానికి మూత మార్చాలి, రెండోదానికి తేమ పీల్చే సిలికా జెల్ వేయాలి.

ఈ తేడా పట్టడానికి మన వంటింటి పారాణి పనికొచ్చింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది, మామూలు నీళ్లు తగిలితే పసుపుగానే ఉంటుంది.

తయారీ: మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ 50 మి.లీ.లో ఒక చెంచా పసుపు కలిపి పది నిమిషాలు ఉంచాలి. అడుగున మడ్డి పేరుకున్నాక పైన తేరిన రంగులో తెల్ల టిష్యూ ముంచి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. స్పిరిట్ దగ్గర పొయ్యి, అగరొత్తి ఏదీ ఉండకూడదు. పసుపును నీళ్లలో కలిపితే సరిగా కరగక పొడి పొడిగా అంటుకుంటుంది, మచ్చలు తప్పుదారి పట్టిస్తాయి. కాగితాన్ని పొడి చేత్తోనే ముట్టుకోవాలి, సబ్బు చెయ్యి తగిలినా ఎర్రబడుతుంది.

ముంచే బకెట్లో 10 లీటర్ల నీళ్లకు రెండు చెంచాల తినే సున్నం కలిపి, అడుగుకు దిగాక తేటను వాడుకున్నాం. పరీక్ష అయ్యాక రబ్బర్లను మంచినీళ్లతో కడగాలి. సున్నం పొర ఆరిపోయి మిగిలితే మరుసటి పరీక్షలో అదే లీకవుతుంది.

మూత లోపలి అంచు చుట్టూ ఈ కాగితాన్ని పట్టీలా తిప్పి పెడితే నీరు ఎక్కడ చొరబడిందో సరిగ్గా అక్కడే గోరంత ఎర్రచుక్క పడుతుంది.

5వ రోజు: చల్లటి బకెట్, తర్వాత వేడి బకెట్

మొదట ఊరికే చల్లటి సున్నపు తేటలో ఒక గంట ముంచాం. పచ్చడి సీసా తప్ప అన్నీ నెగ్గాయి. దాని మూతలోని పలచటి అట్ట నూనె పీల్చి ముడతలు పడింది, ఆ ముడతల వెంట నీరు పోయింది. ఆవకాయ సీసాను శనగపిండితో తోమి ఎన్ని ఎండలు ఆరబెట్టినా అట్టలో నూనె ఉండిపోతుంది. సీసా బాగుంటే మూతకు కొత్త ఫోమ్ బిళ్ల కత్తిరించి వేసుకోవాలి, అట్టను నమ్మకూడదు.

ఇక అసలు పరీక్ష. మరిగే నీళ్లు ఒక వంతు, కుళాయి నీళ్లు ఒక వంతు కలిపితే 60–65 డిగ్రీలు వస్తుంది. మూసిన డబ్బాను అందులో పూర్తిగా అదిమి 15 నిమిషాలు ఉంచాలి. లోపలి గాలి వ్యాకోచించి, లీకు ఉన్నచోట బుడగల వరసగా బయటికి వస్తుంది. బుడగలు ఆగాక అదే డబ్బాను వెంటనే చల్లటి సున్నపు తేటలో ముంచి అరగంట వదిలేయాలి. నీటి వేడి 65 దాటకుండా చూసుకోవాలి. పెట్ ప్లాస్టిక్ 70–75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది.

చల్లటి బకెట్లో నెగ్గినవాటిలో కొన్ని ఇక్కడ ఓడాయి. పొడుగు లాక్ డబ్బా పొడవాటి వైపు మధ్యలో, క్లిప్పుకు క్లిప్పుకు నడుమ, రెండు చోట్ల ఎర్రబడింది. అక్కడ మూత విల్లులా వంగి రబ్బరును వదిలేస్తోంది. విటమిన్ గొట్టం మూత వేడి నీళ్లలోనే టప్పున ఊడింది. అది నొక్కి పెట్టే మూత, దానికి మర లేదు. ఆ మూతలో తేమ పీల్చే మందు ఉంటుంది కాబట్టి పెద్ద డబ్బా లోపల పెట్టుకునే గొట్టంగా అది చక్కగా పనికొస్తుంది, ఒంటరిగా మాత్రం పనికిరాదు. స్టీలు టిఫిన్ డబ్బా అంచుకు ఉన్న సొట్ట దగ్గర కారింది. సొట్ట లేని స్టీలు డబ్బా మంచిదే కానీ బరువు, పైగా సంచిలో ఒకసారి గట్టిగా దెబ్బ తగిలితే మళ్లీ సొట్ట పడుతుంది.

మాత్రల సీసా మొదటిసారి ఓడింది, రెండోసారి నెగ్గింది. కొత్త సీసా మూతికి అంటించే రేకును చింపినప్పుడు దాని పీలికలు అంచు మీద మిగులుతాయి, వేలితో తడిమితే గరుగ్గా తగులుతాయి. బ్లేడుతో గీకి, మూతిని గాజు పలక మీద పరచిన 400 నంబరు ఎమెరీ కాగితంపై పది చుట్లు తిప్పాక ఒక్క చుక్క కూడా రాలేదు.

గుండ్రటి లాక్ డబ్బా, కూల్‌డ్రింక్ మూతతో ఉన్న ప్రీఫామ్ ఏ ఇబ్బందీ లేకుండా నెగ్గాయి.

6వ రోజు: ఎందుకిలా అవుతుంది

60 డిగ్రీల గాలిని మూసిపెట్టి 25కు చల్లబరిస్తే లోపలి పీడనం పదో వంతు పైగా పడిపోతుంది. ఈ తేడా డబ్బాను ఒక మీటరు లోతు నీళ్లలో ముంచినదానికి సమానం. అంటే ఎండలో బండ మీద కాగి, వేడి గాలి కొంత బయటికి పోయిన డబ్బా చేతిలోంచి జారి ఏట్లో పడితే, మోకాలి లోతు నీళ్లలో ఉన్నా అది మీటరున్నర లోతులో ఉన్నట్టే నీటిని లోపలికి గుంజుకుంటుంది. ఐపీ 67 (నీరు, దుమ్ము చొరబడవని చెప్పే గుర్తు) అని రాసి ఉన్న వస్తువులకు చేసే పరీక్ష మీటరు లోతు, 30 నిమిషాలు. ఎండ చేసే పని కూడా దాదాపు అంతే.

మూత మీద ఎంత బలం పడుతుందో లెక్క కట్టాం. 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవున్న మూత మీద ఆ పదో వంతు తేడా సుమారు 15 కిలోల బరువు పెట్టినట్టు పనిచేస్తుంది. గుండ్రటి చిన్న మూతకు ఈ బరువు తక్కువ, పైగా అంచు చుట్టూ ఒకేలా పడుతుంది. పొడుగు మూత ఓడిపోవడానికి కారణం ఇదే.

ఎత్తు కూడా ఇదే పని చేస్తుంది. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. విశాఖలో మూసిన డబ్బా అరకు చేరేసరికి బయటి పీడనం దాదాపు పదో వంతు తగ్గి, మూత ఉబ్బి, తెరవగానే బుస్సుమంటుంది. అరకు గాలితో మూసి కిందికి తెచ్చిన డబ్బా దీనికి వ్యతిరేకంగా, మూత లోపలికి కుంగి ఉంటుంది. ఆ సమయంలో వాన పడితే అంచున నిలిచిన నీటిని పీల్చుకుంటుంది. ఎక్కాక ఒకసారి, దిగాక ఒకసారి మూత తెరిచి మూయడం అలవాటు చేసుకోవాలి. ఎండలో ఉన్న డబ్బాను నీళ్ల దగ్గరికి తీసుకెళ్లే ముందు కూడా నీడలో చల్లారనిచ్చి, ఒకసారి తెరిచి మూస్తే సరి.

9వ రోజు: ప్రీఫామ్ అగ్గి గొట్టం

మెడల్లో తేడాలు ఉన్నాయి, ఇక్కడ పొరపాటు పడడం తేలిక. కూల్‌డ్రింక్ మెడ 28 మి.మీ. రకం. పాతది 21 మి.మీ. ఎత్తు, ఇప్పుడు వచ్చేది 17 మి.మీ. ఎత్తు. పొడుగు మెడ మూతను పొట్టి మెడకు బిగిస్తే, పైన సీలు కూర్చోకముందే మూత అంచు మెడ కింది రింగుకు తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, నీళ్లు మాత్రం పోతాయి. మంచినీళ్ల సీసాల పలచటి పొట్టి మూతలు గ్యాసు ఒత్తిడి కోసం చేసినవి కావు, వాటిని వద్దనుకున్నాం.

కొత్త మూత కింద ఉండే తెగే రింగును బ్లేడుతో తీసేయాలి. అది చేతి బలానికి మెడ మీది గట్టు దాటదు, దాటకపోతే మూత పూర్తిగా దిగదు. తర్వాత మూత లోపల అంచు పొడవునా వేలు తిప్పి చూడాలి, గీత తగిలితే మూత మార్చాలి.

మూతి లోపల సుమారు 21 మి.మీ. ఉన్నా గొట్టం కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. అగ్గిపుల్లలు తలకాయలు పైకి ఉండేలా 30 పడతాయి. అడుగున చిటికెడు దూది ఉంటే గలగలలాడవు. గీసే పట్టీని పాలిథీన్ ముక్కలో చుట్టి విడిగా పెట్టాలి. తలకాయలు పట్టీకి రాసుకోకూడదు. తేమ తగిలితే పుల్ల కంటే ముందు పాడయ్యేది ఆ పట్టీయే.

కర్పూరానికి వేరే ప్రీఫామ్ పెట్టాం. కర్పూరం తనంతట తాను ఆవిరై పోతుంది, ఆ ఆవిరి పాలిథీన్‌ను, పలచటి డబ్బాలను దాటి బయటికొస్తుంది. థర్మోకోల్ తగిలితే దాన్ని కరిగిస్తుంది. పెట్ గోడ దాన్ని బాగా ఆపుతుంది. ఇదే కారణంగా, డబ్బాలో కర్పూరమో ఇంగువో పెట్టి వాసన వస్తే లీకని తేల్చడం సరికాదు. వాసన ప్లాస్టిక్ గుండానే రావచ్చు.

12వ రోజు నుంచి 15 దాకా: పీవీసీ గొట్టం

మడవకూడని కాగితాలకు, పొడవాటి టార్చికి ఇది. భాగాలు: ఒకటిన్నర అంగుళం యూపీవీసీ పైపు 200 మి.మీ. ముక్క, అతికించే ఎండ్ క్యాప్ 1, ఎంటీఏ (ఒక చివర బయటి వైపు మర ఉండే జోడింపు ముక్క) 1, దాని మీద బిగిసే మర ఎండ్ క్యాప్ 1, క్యాప్ అడుగున సరిపోయే 3 మి.మీ. రబ్బరు షీటు బిళ్ల 1, సాల్వెంట్ (పైపులు అతికించే జిగురు) చిన్న డబ్బా.

రంపంతో కోసిన అంచును ఆకురాయితో లోపలా బయటా వాలుగా రుద్దాలి. పదునైన అంచును అలాగే వదిలితే అది లోపలికి దూరేటప్పుడు సాల్వెంట్‌ను గీకేస్తుంది, అతుకులో సన్నటి దారి మిగిలిపోతుంది. రెండు ముఖాలకూ సాల్వెంట్ రాసి, దూర్చి, పావు చుట్టు తిప్పి, 30 సెకన్లు గట్టిగా పట్టుకోవాలి. లేకపోతే మెల్లగా వెనక్కి జరుగుతుంది. 24 గంటలు ఆగాలి, ఆ తర్వాత ఇంకో రెండు రోజులు మూత తీసి ఉంచాలి. లోపల సాల్వెంట్ ఆవిరి మిగిలి ఉంటే మందులకు, ప్లాస్టిక్ వస్తువులకు పడదు.

మొదటి ప్రయత్నం మర దగ్గర కారింది. ప్లంబింగు మరలు టెఫ్లాన్ టేపుతో ఒక్కసారి బిగించి వదిలేయడానికి చేసినవి, రోజూ తీసి పెట్టడానికి కాదు. పైగా క్యాప్ మర మధ్యలోనే బిగిసిపోయి రబ్బరు బిళ్ల దాకా దిగలేదు. బిళ్ల మీద సుద్దపొడి రాసి బిగించి చూస్తే ఎంటీఏ అంచు ముద్ర సగం చుట్టే పడింది. ఎంటీఏ మూతిని ఎమెరీ కాగితం మీద చదును చేసి, బిళ్లలు రెండు వేశాక ముద్ర నిండు సున్నాలా వచ్చింది, వేడి బకెట్ పరీక్ష కూడా నెగ్గింది. ఏ మర మూతకైనా ఈ సుద్ద ముద్ర చూడడం రెండు నిమిషాల పని.

రెండు వైపులా మూసిన తెల్ల పైపు స్టేషన్ల స్కానర్ దగ్గర అనుమానం పుట్టిస్తుంది. ప్రయాణంలో మూత తీసి, లోపలిది కనిపించేలా తీసుకెళ్లాలి.

17వ రోజు: తేమ

30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ పట్టిన గాలి ఒక లీటరులో సుమారు 0.03 గ్రాముల నీరుంటుంది. అర లీటరు డబ్బాలోని గాలికి ఒక గ్రాము సిలికా జెల్ ధారాళంగా సరిపోతుంది. అసలు తేమ దూదిలో, కాగితంలో, అగ్గిపుల్లల్లో దాగి వస్తుంది. దానికి తోడు డబ్బాల రబ్బరు ఎక్కువగా సిలికాన్, అది నీటిని ఆపినా నీటి ఆవిరిని కొంత పోనిస్తుంది. అందుకే అర లీటరుకు 5 గ్రాములు వేశాం. వీలుంటే ఏసీ గదిలో సామాను గంట ఆరబెట్టి అక్కడే మూయాలి, ఆ గాలిలో తేమ తక్కువ.

రంగు మారే గుళికల్లో నారింజ రకం తీసుకున్నాం. నీలం నుంచి గులాబీకి మారే వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, మందుల పక్కన వద్దు. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే తిరిగి పనిచేస్తాయి. మూకుడులో వేయిస్తే వేడి అదుపు తప్పి రంగు మాడిపోతుంది.

ఒకదాని పక్కన ఒకటి పెట్టకూడనివి కూడా ఇక్కడే రాసుకున్నాం. నీటిని శుద్ధి చేసే క్లోరిన్ మాత్రలు గాలాలతో, బ్యాటరీలతో ఒకే డబ్బాలో ఉంటే లోహం తుప్పు పడుతుంది. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు పాలికార్బొనేట్, ఏబీఎస్ లాంటి గట్టి ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. లాక్ డబ్బాల్లోని పాలిప్రొపిలీన్‌కు దానితో బాధ లేదు. గాలాలను థర్మోకోల్‌కు బదులు బెండు ముక్కకు గుచ్చాలి.

20వ రోజు: కింద పడేసి చూడడం

300 గ్రాముల బరువు వేసి ఛాతీ ఎత్తు నుంచి సిమెంటు నేల మీదికి, మూల తగిలేలా వదిలాం. లాక్ డబ్బా పగల్లేదు కానీ తగిలిన మూల పక్కన ఉన్న క్లిప్పు తెరుచుకుంది. పాత ట్యూబును రెండు సెం.మీ. వెడల్పు రింగులుగా కోసి, క్లిప్పుల మీదుగా డబ్బా చుట్టూ తొడిగాక మళ్లీ తెరుచుకోలేదు. చిన్న డబ్బాకు సైకిల్ ట్యూబు, పెద్దదానికి మోటారు సైకిల్ ట్యూబు. అవసరం పడితే ఆ రబ్బరు ముక్క వానలో కూడా అంటుకుని నిప్పు రాజేస్తుంది, పొగ మాత్రం ఎక్కువ. క్లిప్పు మడత దగ్గర తెల్లగీత కనిపిస్తే అది త్వరలో విరుగుతుందని అర్థం, ఆ డబ్బాను ఇంటి వాడకానికి మార్చేయాలి.

తేలుతుందో లేదో చూసే లెక్క సులువు. నిండు గిన్నెలో మూసిన డబ్బాను ముంచితే పొర్లిన నీళ్లు ఎన్ని మి.లీ. అయితే, సామానుతో సహా డబ్బా బరువు అన్ని గ్రాముల లోపు ఉండాలి. ఫోను పెట్టిన డబ్బా అంచుమీద ఉంది, రెండు బ్యాటరీలు తీసి వేరే డబ్బాకు మార్చాం. పడవలో తీసుకెళ్లే ప్రతి డబ్బాకూ నారింజ రంగు రిబ్బను కట్టాం.

35వ రోజు: రెండోసారి వేడి బకెట్

నెల రోజులు క్లిప్పులు వేసి ఉంచిన గుండ్రటి డబ్బా, క్లిప్పులు వదిలి ఉంచిన దాని జత, రెండిటినీ మళ్లీ పరీక్షించాం. రెండూ నెగ్గాయి, కానీ మూసి ఉంచినదాని రబ్బరు మీద గాడి ముద్ర లోతుగా దిగి, వేలితో నొక్కితే తిరిగి లేవడానికి సమయం పట్టింది. వాడనప్పుడు క్లిప్పులు వదిలి ఉంచుతున్నాం.

పీవీసీ గొట్టం బిళ్లకు సిలికాన్ గ్రీజు పలచగా రాశాం. లాక్ డబ్బాల సిలికాన్ రబ్బరుకు అదే గ్రీజు రాయకూడదు, ఉబ్బుతుంది. కొబ్బరినూనె దేనికీ వద్దు, ఇసుకను పట్టి ఉంచుతుంది. ప్రతి ప్రయాణం తర్వాత రబ్బరును గాడిలోంచి తీసి, మంచినీళ్లతో కడిగి, అద్దంలా తుడిచి, మెలిక పడకుండా తిరిగి పెట్టాలి. ఈ పరీక్షలో కారిన ఒకే ఒక డబ్బా మాత్రల సీసా. దాని ఎర్రచుక్క దగ్గర భూతద్దంతో చూస్తే మూతి మీద అడ్డంగా పడి ఉన్నది ఒక్క తల వెంట్రుక.